పేరులో కొండ ఉన్న పుస్తకాలతో ఒక అర ఎలా పేర్చాలి?

గ్రంథాలయంలో శతకాలు ఒక చోట, నవలలు ఒక చోట, యాత్రలు మరో చోట ఉంటాయి. ఏళ్ల తరబడి ఒకే గదిలో ఉన్నా ఒకదాని మొహం ఒకటి చూసుకోవు. ‘పేరులో కొండ ఉండాలి’ అని ఒకే ఒక్క షరతు పెట్టి చూడండి. సింహాచలం మీది శతకం పక్కకి నల్లమలలో గొర్రెలు తోలుకెళ్లిన కుర్రాడి నవల వస్తుంది. దాని పక్కన స్విట్జర్లాండ్‌లోని క్షయరోగుల ఆసుపత్రి కథ వచ్చి చేరుతుంది.

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం, కోరాపుట్ వైపు తెలుగువాళ్లకి ఇది మరీ బాగా కుదిరే పని. పిల్లలు బడిలో ఒడియానో ఇంగ్లీషో చదువుతారు, ఇంట్లో తెలుగు మాట్లాడతారు, తాతగారి ట్రంకు పెట్టెలో తెలుగు పుస్తకాలు మూలుగుతుంటాయి. మూడు భాషల పుస్తకాలనూ ఒకే అరలో కూర్చోబెట్టే సాకు దొరకడం కష్టం. కొండ ఆ సాకు. ఇంట్లో ఒక్క చెక్క అర చాలు. తెలుగు సంఘం హాల్లో ఒక మూల దొరికితే మరీ మంచిది. ఇరవై పుస్తకాలు పోగైతే అర నిండినట్టే.

1. ముందు షరతులు కాగితం మీద పెట్టండి

ఈ పని చేయకుండా వెతకడం మొదలుపెడితే మధ్యలో వాదనలు తప్పవు. తేల్చుకోవాల్సినవి నాలుగైదే. కొండ అన్న మాట పుస్తకం పేరులోనే ఉండాలా, లోపలి ఒక కథ పేరులో ఉన్నా చాలా? రచయిత ఇంటిపేరులో కొండ ఉంటే లెక్కలోకి వస్తుందా? ఊరి పేరులోని కొండ సంగతేమిటి? పత్రికలు పనికొస్తాయా?

నా వరకు పుస్తకం పేరులోనే ఉండాలి. ఇంటిపేర్లు వద్దు. వాటిని రానిస్తే కొండపల్లి వారు, కొండవీటి వారు, కొండా వారు అందరూ వచ్చేస్తారు, అర చాలదు. ఊరి పేరైతే, ఆ ఊరికి నిజంగా కొండ ఉంటే తీసుకోవచ్చు. ఇంగ్లీషు నవల ‘వదరింగ్ హైట్స్’ (1847) దగ్గర మాత్రం గట్టి పేచీ వస్తుంది. అది ఇంగ్లండులో ఎత్తు మీద, గాలి హోరెత్తే చోట ఉన్న ఇంటి పేరు. నేనైతే పక్కన పెడతాను, మీరు ఉంచుకుంటానంటే అడ్డు చెప్పను. తిరుమల తిరుపతి దేవస్థానం వారి ‘సప్తగిరి’ మాసపత్రిక సంచికలు చాలా ఇళ్లలో కట్టలుగా ఉంటాయి. అందులోంచి ఒక్క పాత సంచిక పెట్టండి, అంతకు మించి వద్దు.

2. వెతకడానికి మాటల జాబితా రాసుకోండి

అసలు పని ఇక్కడే ఉంది. ‘కొండ’ ఒక్కటే టైపు చేసి వెతికితే సగం పుస్తకాలు కూడా దొరకవు. కొండ, గుట్ట, మెట్ట, మల, గిరి, అద్రి, అచలం, శైలం, పర్వతం, శిఖరం... ఇవన్నీ రాసుకోండి. తర్వాత కైలాసం, హిమాలయం, వింధ్య, మహేంద్ర లాంటి కొండల సొంత పేర్లు. ఒడియాకి పాహాడ, పర్బత, గిరి, డంగర్ చేర్చండి. ఇంగ్లీషుకి మౌంటెన్, హిల్, పీక్, హైలాండ్.

ఇక కంప్యూటర్‌తో తంటా చూడండి. దానికి అర్థం తెలియదు, అక్షరాలే తెలుసు. ‘మల’ అని కొడితే కమల, విమల, మల్లెపూలు, మలుపులు అన్నీ వరుస కడతాయి. ‘గిరి’ అంటే దాదాగిరి, గాంధీగిరి కూడా వస్తాయి. ‘శైల’ అంటే శైలి మీద రాసిన విమర్శ గ్రంథాలు వస్తాయి. ‘కొండ’ వెనకాల కొండముచ్చు వస్తుంది, కొండెం వస్తుంది.

అద్రి, అచలం దగ్గర చిక్కు ఇంకో రకం. సంధి కలిసిపోవడంతో సింహాద్రిలో ‘అద్రి’ అన్న అక్షరాలు ఉండవు. అందుకని ‘ద్రి’ అని మాత్రమే కొట్టాలి. అప్పుడు సింహాద్రి, భద్రాద్రి, శేషాద్రి దొరుకుతాయి, వాటితో పాటు చంద్రిక కూడా వస్తుంది, భరించాలి. ‘అచలం’ కోసం ‘చలం’ అని కొడితే నేరుగా చలం గారి పుస్తకాలన్నీ కుప్పగా పడతాయి. చలం గారు 1950లో అరుణాచలం వెళ్లిపోయి 1979లో చనిపోయేదాకా ఆ కొండ పాదాల దగ్గరే ఉన్నారు కాబట్టి ఆ తప్పు ఫలితాన్ని నేను మరీ తిట్టుకోను. అయినా షరతు షరతే. ‘ాచల’ అని దీర్ఘంతో వెతికితే వేంకటాచలం, అరుణాచలం, సింహాచలం వస్తాయి, చలం గారు తప్పుకుంటారు.

అంతర్జాలంలోని పాత తెలుగు స్కాన్ పుస్తకాల పేర్లు చాలావరకు ఇంగ్లీషు అక్షరాల్లో, ఎవరికి తోచిన స్పెల్లింగుతో వాళ్లు ఎక్కించినవి. ఒకే మాటను మూడు నాలుగు రకాలుగా కొట్టి చూడాలి. ఓపిక లేనివాళ్లు పదో తరగతి పిల్లలకి అప్పజెప్పండి, ఆటలా చేసేస్తారు.

3. ఇంటి పెట్టెల నుంచి మొదలుపెట్టండి

దుకాణానికి పరుగెత్తే ముందు చుట్టుపక్కల నాలుగిళ్లు అడగండి. శతకాలు, స్థల మాహాత్మ్యాలు కొనకుండానే దొరుకుతాయి. తరిగొండ వెంగమాంబ ‘వేంకటాచల మాహాత్మ్యము’ ఏదో ఒక పూజగదిలో ఉండకపోదు. గోగులపాటి కూర్మనాథ కవి ‘సింహాద్రి నారసింహ శతకం’ ఉత్తరాంధ్ర నుంచి ఇటు వచ్చి స్థిరపడిన కుటుంబాల దగ్గర అడగండి. సైన్యం మీదికొస్తుంటే కదలవేమిటని దేవుణ్ణే నిలదీసి, ఎత్తిపొడిచి రాసిన శతకం అది. భక్తి పుస్తకం అనుకుని దాటేసేవాళ్లకి ఒక సీసపద్యం చదివి వినిపించండి చాలు.

కొత్త పుస్తకాలకి పర్లాకిమిడి వాళ్లకి పాతపట్నం పక్కనే, రాయగడ వాళ్లకి పార్వతీపురం, విజయనగరం రైలు దూరంలో ఉన్నాయి. విశాఖ వెళ్లే వాళ్లెవరైనా ఉంటే చీటీ రాసి ఇవ్వండి. చీటీలో పేరుతో పాటు రచయిత పేరు తప్పక రాయాలి. ఒకే పేరుతో రెండు పుస్తకాలు ఉండడం తెలుగులో మామూలే.

4. పుస్తకం తెరిచి, ఏ కొండో చూడండి

అట్ట చూసి అరలో పెట్టేస్తే పని అయినట్టు కాదు. ప్రతి పుస్తకానికీ పోస్టుకార్డంత అట్టముక్క తీసుకుని పేరు, రచయిత, మొదట వచ్చిన భాష, ఏడాది, కొండ పేరు, అది ఎక్కడుందో రాయండి. చివర్లో ఒక ప్రశ్న: ‘ఈ పుస్తకంలో కొండ ఏం చేస్తుంది?’ దానికి ఒకే వాక్యంలో జవాబు. జవాబు రాయాలంటే కొంతైనా చదవాలి, ఆ ప్రశ్న పెట్టిందే అందుకు.

మచ్చుకి ఒక కార్డు. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి ‘కొండపొలం’ 2019లో తానా నవలల పోటీలో బహుమతి పొందింది, 2021లో సినిమాగా వచ్చింది. కొండ: నల్లమల. కరువు కాలంలో ఊరివాళ్లు గొర్రెల మందల్ని మేపు కోసం, నీళ్ల కోసం కొండల్లోకి తోలుకెళ్లడమే కొండపొలం. చదువుకుని ఉద్యోగం దొరకని కుర్రాడు వాళ్ల వెంట వెళతాడు. ‘ఏం చేస్తుంది?’ అన్నదానికి ‘పిరికివాడికి చదువు చెబుతుంది’ అని రాయొచ్చు. కడప యాస కాబట్టి మన వైపు పిల్లలకి మొదటి పేజీలు తడబాటుగా ఉంటాయి. ఎవరైనా పెద్దగా చదివి వినిపిస్తే త్వరగానే చెవికి పడుతుంది.

కార్డు రాస్తుంటేనే కొన్ని బోల్తాలు తప్పుతాయి. ‘చంద్రగిరి శిఖరం’ అన్న పేరు చూసి రాయలసీమ కోట కథ అనుకుంటారు. మోహన దగ్గరి టిబెటన్ల శిబిరం కూడా చంద్రగిరే కాబట్టి గజపతి జిల్లా వాళ్లు మన చంద్రగిరే అనుకున్నా ఆశ్చర్యం లేదు. తీరా అది బిభూతిభూషణ్ బందోపాధ్యాయ 1937లో పుస్తకంగా తెచ్చిన బెంగాలీ నవల ‘చాందేర్ పాహాడ్’కి తెలుగు. బెంగాల్ పల్లెటూరి కుర్రాడు శంకర్ ఆఫ్రికాలో చేసే సాహసాలు అందులో ఉంటాయి. రాసినాయన ఆఫ్రికా మొహం చూడలేదు. పన్నెండేళ్ల పిల్లలకి ఇచ్చే మొదటి పుస్తకం ఇదే కావాలని నా పట్టుదల.

అలాగే ‘ది రెడ్డిస్ ఆఫ్ ది బైసన్ హిల్స్’ (1945). పేరు చూస్తే అమెరికా అడవిదున్నలు గుర్తొస్తాయి. ఆ బైసన్ హిల్స్ మన గోదావరి పాపికొండలే. ఆస్ట్రియా నుంచి వచ్చిన మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ కొండరెడ్ల జీవితం మీద రాసిన పుస్తకం. దీని పక్కనే వెరియర్ ఎల్విన్ ‘బోండో హైలాండర్’ (1950) పెట్టండి. బోండా గిరిజనులుండే ఆ కొండలు ఇప్పటి మల్కన్‌గిరి జిల్లాలో ఉన్నాయి. రెండూ బయటివాళ్ల చూపే. ఆ సంగతి కార్డు మీద రాసి పెట్టడం మంచిది.

‘కైలాస్ మానసరోవర్’ (1949) రాసిన స్వామి ప్రణవానంద తూర్పు గోదావరి జిల్లాలో పుట్టిన తెలుగువారని చాలామందికి తెలియదు. ఇంగ్లీషులో ఉండడం వల్ల తెలుగు అరల్లోకి ఈ పుస్తకం రాదు. మన అరకి ఆ బాధ లేదు. కైలాసం ఎత్తు 6,638 మీటర్లు. ఎక్కరు, చుట్టూ ప్రదక్షిణం చేస్తారు. పక్కనే మారిస్ హెర్జోగ్ ‘అన్నపూర్ణ’ ఉంచితే తమాషాగా ఉంటుంది. 1950 జూన్ 3న 8,091 మీటర్ల ఆ శిఖరాన్ని ఎక్కి, దిగివచ్చాక చలికి దెబ్బతిన్న వేళ్లు పోగొట్టుకున్న మనిషి ఆయన.

కొన్ని పుస్తకాల్లో కొండ ఎక్కేవాళ్లే ఉండరు. థామస్ మన్ ‘ది మ్యాజిక్ మౌంటెన్’ (1924)లో ఒక కుర్రాడు దావోస్‌లోని క్షయ ఆసుపత్రిలో ఉన్న బంధువుని మూడు వారాలు చూసి వద్దామని వెళ్లి ఏడేళ్లు ఉండిపోతాడు. లావు పుస్తకం, ఎవరూ ముట్టుకోరని భయపడకండి. అరకి బరువుగా ఉంటుంది. అనితా దేశాయ్ ‘ఫైర్ ఆన్ ది మౌంటెన్’ (1977) మాత్రం సన్నది, కసౌలీలో ఒంటరిగా ఉండే వృద్ధురాలి కథ. మరుసటి ఏడాది సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. కన్నడం వచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే కువెంపు ‘మలెగళల్లి మదుమగళు’ (1967) అడగండి. తెలుగు కవిత్వానికి వాడ్రేవు చినవీరభద్రుడు ‘కొండమీద అతిథి’ ఉంది.

5. షరతు తప్పిన వాటికి ఒక్క చిన్న అర

ఒడియా నవలాకారుడు గోపీనాథ్ మహంతి దగ్గర ఎవరికైనా టెన్షన్ మొదలవుతుంది. కోరాపుట్ కొండల్ని ఆయనంతగా రాసినవాళ్లు అరుదు, కానీ ‘పరజా’ (1945) పేరులో కొండ లేదు, ‘అమృతర సంతాన’ పేరులోనూ లేదు. రెండోదానికి 1955లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. కొంధు గిరిజనుల బతుకు కథ. ప్రతిభా రాయ్ ఒడియా నవల ‘ఆదిభూమి’ బోండా గిరిజనుల గురించి, అదీ అంతే. ఒడిశాలో ఉంటూ ఈ మూడింటినీ బయట పెట్టి హెమింగ్వే ‘ది స్నోస్ ఆఫ్ కిలిమంజారో’ని లోపల పెట్టడం ఏం న్యాయం? అందుకే కింద ఒక చిన్న అర వదిలి, ‘పేరులో లేదు, లోపల ఉంది’ అని చీటీ అంటించండి. అయిదు పుస్తకాలకి మించనివ్వకండి, లేకపోతే పై అర ఖాళీ అవుతుంది. ‘మనుచరిత్ర’ని ఇక్కడ పెట్టాలి. ‘అటజని కాంచె’ పద్యం రాని పెద్దవాళ్లు తక్కువ. కాళిదాసు ‘రఘువంశం’ కూడా ఇక్కడే. అందులో రఘువు ఓడించే కళింగ రాజుని కవి మహేంద్రనాథుడంటాడు. ఆ మహేంద్రగిరి గజపతి జిల్లాలోనే ఉంది, సుమారు 1,500 మీటర్ల ఎత్తు.

పర్లాకిమిడి వాళ్లయితే గిడుగు రామమూర్తి గారి సవర భాషా వ్యాకరణం (1931) కూడా చేర్చండి. ఆ ఊళ్లో పంతులుగా ఉంటూ కొండ సవరల దగ్గర భాష నేర్చుకుని రాసిన పుస్తకం. ఎవరూ మొదటి పేజీ నుంచి చివరిదాకా చదవరు, అయినా అక్కడ ఉండాలి.

6. వరుస పెట్టడం

అక్షర క్రమం వద్దు, భాషల వారీగా అసలే వద్దు, మళ్లీ ఒడియా ఒక మూలకి, తెలుగు ఒక మూలకి పోతాయి. ఎడమ చివర మీ ఊరికి దగ్గరి కొండతో మొదలుపెట్టి దూరం పెరిగే కొద్దీ కుడివైపు వెళ్లండి. రాయగడలో పెడితే బోండా కొండలు, సింహాచలం, పాపికొండలు, నల్లమల, వేంకటాచలం, ఆపైన హిమాలయాలు, చివర ఆఫ్రికా, ఆల్ప్స్. వెనక గోడకి ఒక పటం అంటించి దారం కడితే పిల్లలు అక్కడే నిలబడిపోతారు. దేవమాలి, నియంగిరి లాంటి ఇక్కడి కొండల పేర్లు పటం మీద రాసి, వాటి కార్డులు ఖాళీగా ఉంచండి. ఒడియాలోనో తెలుగులోనో పుస్తకం దొరికినవాళ్లు నింపుతారు. దేవమాలి 1,672 మీటర్లతో ఒడిశాలో అన్నిటికన్నా ఎత్తయిన శిఖరం, దానికి కార్డు ఖాళీగా ఉంటే ఎవరికో ఒకరికి పౌరుషం రాకపోదు.

7. ఇవ్వడం, తిరిగి తీసుకోవడం, వాన

అరువు పుస్తకం ఒకటి పెట్టి పేరు, ఫోను నంబరు, తేదీ రాయించండి. ఇల్లిళ్లు తిరిగి తెచ్చిన పుస్తకాల లోపలి అట్ట మీద ఇచ్చినవాళ్ల పేరు పెన్సిల్‌తో రాయాలి, పెన్నుతో వద్దు. తాతగారి పాత ప్రతుల్ని బయటికి ఇవ్వకండి, అక్కడే కూర్చుని చదవమనండి.

కోరాపుట్, రాయగడ వైపు జూన్ నుంచి తేమ గోడల్లోకి దిగుతుంది. అరని గోడకి నాలుగు వేళ్లు ఎడంగా జరపండి. పుస్తకాల్ని బిగించి పేర్చకుండా గాలి ఆడేలా వదలండి, వెనక ఎండిన వేపాకు వేయండి. ఎండ కాసిన రోజు నీడపట్టున విప్పి ఆరబెట్టండి. నేరుగా ఎండలో పెడితే పాత కాగితం పెళుసెక్కి విరిగిపోతుంది. చెదలు కనిపిస్తే ఆ ఒక్క పుస్తకాన్ని కాదు, అర మొత్తం దించి చూడాలి.