బర్ల కొట్టంలో దొరికిన యెజ్డీ: గుర్తుపట్టి బాగుచేసిన తీరు

నేను దేవరకొండలో బోరు మోటార్లకు వైండింగ్ చేస్తాను. పాత బండ్లంటే పిచ్చి. మూడేళ్ల కింద చందంపేట వైపు ఒక బర్ల కొట్టంలో గడ్డి మోపుల వెనక ఒక బండి కనబడింది. ముందు మడ్‌గార్డ్ జానెడు పైకి లేపి వెల్డింగ్ చేశారు. సైలెన్సర్ ఒక్కటే, అదీ తొడ పక్కకు వంచి కట్టారు. "ఫారిన్ రేసు బండి బిడ్డా" అన్నాడు ఇంటి పెద్దాయన.

నేను ముందు ఎడమ కాలి లివర్ చూశాను. జావా, యెజ్డీ మోటార్‌సైకిళ్లకు గేరు లివరే కిక్కు. లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్కు రాడ్డు అయిపోతుంది. తర్వాత సిలిండర్ ముందు చెయ్యి పెట్టి తడిమాను. పొగ దారులు రెండున్నాయి, ఒకదానికి రేకు పెట్టి మూసేశారు. చక్రాలు 18 అంగుళాలవి, పాత జావాకైతే 16 ఉంటాయి. అంటే ఇది ఇంట్లో కోసి మార్చుకున్న రోడ్‌కింగ్ అనే యెజ్డీ మోడల్, అంతే. రేసు బండి అన్న ఆశ పుట్టడంలో తప్పేం లేదు లెండి, జావాకు చుట్టమైన సీజెడ్ కంపెనీ బండి మీదే జోయెల్ రొబేర్ అనే రేసర్ 1964లో 250 సీసీ మోటోక్రాస్ (మట్టి దారుల రేసు) ప్రపంచ టైటిల్ కొట్టాడు.

కొనేముందు సంవత్సరాలు గుర్తుపెట్టుకోండి. మైసూరులో ఈ బండ్లు చేసిన ఐడియల్ జావా కంపెనీ 1960ల మొదట్లో మొదలైంది, 1973 నుంచి యెజ్డీ పేరు, 1978లో రోడ్‌కింగ్, 1996లో ఫ్యాక్టరీ మూత. ఎవరైనా "1970 రోడ్‌కింగ్" అని అమ్మజూపితే చాయ్ తాగి లేచి రండి. చాసిస్ నంబర్ మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది, ఆర్‌సీతో పోల్చండి. అంకెల లోతు తేడాగా ఉన్నా, చుట్టూ గ్రైండర్ గీతలున్నా వద్దు.

ఇక ఇంజన్. మాది పట్టేసి ఉంది. ఆత్రంలో లివర్‌కు పైపు తొడిగి తొక్కాను. లోపల పళ్లు విరిగిన చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది. మీరు అలా చేయకండి. ప్లగ్ రంధ్రంలో డీజిల్ పోసి వారం వదిలేయండి, తర్వాత మెల్లగా అటూ ఇటూ కదపండి.

పెయింట్ చివర్లో. ముందు క్రాంకు సీళ్లు (ఇంజన్ ఇరుసు రెండు చివర్ల ఉండే రబ్బరు రింగులు) మార్చండి. టూ స్ట్రోక్‌లో క్రాంక్ కేస్ గాలిని బిగబట్టాలి. క్లచ్ వైపు సీలు పోతే గేరాయిల్ లోపలికి లాగి కాలుతుంది, తెల్ల పొగ ఆగదు. డైనమో వైపుది పోతే గాలి చొరబడి, గాలికి తగ్గ పెట్రోలు అందదు, ఎండలో పిస్టన్ పట్టేస్తుంది. చాలామంది కార్బురేటర్‌ను తిట్టేది ఈ సీళ్ల వల్లే. బోరు, అంటే సిలిండర్ లోపలి వెడల్పు, అసలు 65 మిల్లీమీటర్లు. అరిగిన సిలిండర్‌ను కోసి వెడల్పు చేసే రీబోరుకు ముందే ఓవర్‌సైజు పిస్టన్ చేతిలో ఉండాలి. నాది హైదరాబాద్ పుత్లీబౌలిలో రెండు రోజులు తిరిగితే దొరికింది.

ట్యాంకు తుప్పుకు చింతపండు పులుసు చాలు. చిక్కగా పిసికి, గుప్పెడు నట్లు వేసి ఊపి, రెండు రోజులు ఉంచాను. తర్వాత వంట సోడా నీళ్లతో కడిగి, ఎండలో పెట్టి, తడి ఆరగానే డీజిల్ తిప్పాను. ఆలస్యం చేస్తే పూటలోనే మళ్లీ ఎర్రబడుతుంది. ఇప్పటి పెట్రోల్‌లో ఇథనాల్ ఉంటుంది, అది నీటిని పీలుస్తుంది. నెలల తరబడి తీయని బండి అయితే ట్యాంకు ఖాళీ చేసి పెట్టండి.

ప్లగ్‌కు నిప్పు అందించే కాంటాక్ట్ పాయింట్ల గ్యాప్ 0.4 మిల్లీమీటర్లు, ప్లగ్‌కు హాక్సా బ్లేడ్ మందం. లీటరు పెట్రోలుకు 40 మిల్లీలీటర్ల టూ స్ట్రోక్ ఆయిల్.

మూసిన పొగ దారి తెరిచి రెండో సైలెన్సర్ పెట్టాను. మడ్‌గార్డ్ మాత్రం దించలేదు. నల్లరేగడి చేలో బురద ఇరుక్కోకుండా అదే మేలు. వింటేజ్ రిజిస్ట్రేషన్ కావాలంటే మాత్రం ఇలాంటి మార్పులు పనికిరావు. 2021 నిబంధనల ప్రకారం బండికి 50 ఏళ్లు దాటాలి, అసలు రూపంలో ఉండాలి, రోజువారీ తిప్పకూడదు. నాకైతే తిప్పడమే కావాలి.

మొదటిసారి డిండి దాకా పోయి వచ్చాను. తిరిగొచ్చి ప్లగ్ విప్పితే తెల్లగా ఉంది, అంటే పెట్రోలు తక్కువ అందుతోంది. కార్బురేటర్ సూదిని ఒక గాడి పైకి ఎత్తి మళ్లీ పోయొచ్చాను. ఈసారి చాయ్ రంగు, అదే సరైనది.