ఇంట్లో చేసిన మసాలా పొడి గడ్డకట్టకుండా

ప్యాకెట్ మసాలాలు మానేసి ఇంట్లోనే పొడి చేసుకుంటే ఖర్చు తగ్గింది గానీ, పొడి గడ్డకట్టేది, వాసన త్వరగా పోయేది.

అసలు కారణం తేమ. వేయించిన దినుసులు వేడిగా ఉండగానే మిక్సీలో వేస్తే మూత లోపల ఆవిరి చుక్కలు కడతాయి. అదంతా పొడిలోకే దిగుతుంది. ఇప్పుడు పళ్లెంలో పరిచి, చేతికి చల్లగా తగిలాకే మిక్సీ పడుతున్నాను. ధనియాలు, జీలకర్ర విడివిడిగా సన్నసెగ మీద వేయిస్తాను; కలిపి వేయిస్తే జీలకర్ర ముందే మాడుతుంది.

దినుసులు విడిగా, గింజలుగానే ఎక్కువ కొంటాను, చౌక కూడా. పొడి మాత్రం రెండు మూడు వారాలకు సరిపడానే. దంచాక సుగంధ నూనెలు గాలికి తొందరగా ఎగిరిపోతాయి. ఉప్పు కలపను, అది తేమను లాగుతుంది. పొగలు కక్కే గిన్నె మీద సీసా వంచడం మానేసి, తడి లేని చెంచాతో తీస్తున్నాను.