సిబిల్ స్కోరు దెబ్బతిన్నవారు ఇంటి రుణానికి వెళ్లవలసిన దారి

మన కుటుంబాల్లో ఇల్లు కొనే వరుస సాధారణంగా ఇలా ఉంటుంది. ఇల్లు నచ్చగానే అమ్మేవారి చేతిలో రెండు మూడు లక్షలు బయానా పెట్టి, మూడు నెలల గడువుతో అగ్రిమెంటు రాసుకొని, ఆ తరువాత బ్యాంకు మెట్లెక్కుతారు. పాత అప్పులు కట్టిన తీరును బట్టి వేసే సిబిల్ స్కోరు చాలదన్న మాట అక్కడ మొదటిసారి చెవిన పడుతుంది. అప్పటికి గడువు తరుగుతూ ఉంటుంది, బయానా పోతుందేమోనన్న భయం పట్టుకుంటుంది, ఆ భయంతో ఎవరు ఎంత వడ్డీకి ఇస్తామన్నా సంతకం పెట్టేస్తారు. పాత బాకీల చరిత్ర బాగా లేదని అనుమానం ఉన్నవారు ఈ వరుసను తిరగవేయాలి. ముందు రుణ చరిత్ర రిపోర్టు, తరువాత దాని మరమ్మతు, ఆపైన రుణ మంజూరు, చివరగా బయానా.

రుణ చరిత్రను నమోదు చేసే సంస్థలు మన దేశంలో నాలుగు ఉన్నాయి: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హైమార్క్. వీటిలో ప్రతి ఒక్కటీ ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టును ఉచితంగా ఇవ్వాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది, అది 2017 నుంచి అమలులో ఉంది. నాలుగూ తెప్పించుకోండి, ఎందుకంటే ఒకదానిలో కనిపించని పాత ఖాతా మరొకదానిలో బయటపడవచ్చు. స్కోరు 300 నుంచి 900 మధ్య ఉంటుంది. 750 దాటితే బ్యాంకులు సుముఖంగా ఉంటాయి. అయితే ఇంత స్కోరు ఉంటేనే రుణం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు ఎక్కడా గీత గీయలేదు, ఎవరి గీత వారిదే. ఒక చోట కాదన్నంత మాత్రాన అన్ని చోట్లా తలుపులు మూసుకున్నట్టు కాదు.

రిపోర్టులో అందరూ మొదట స్కోరునే చూస్తారు కానీ, రుణం మంజూరు చేసే అధికారి దృష్టి లోపలి పేజీల మీద ఉంటుంది. అక్కడ ఒక్కొక్క రుణం కింద చిన్న చిన్న గడులు, గత 36 నెలలకు నెలకొకటి చొప్పున, వరుసగా ఉంటాయి. గడిలో 000 అని ఉంటే ఆ నెల వాయిదా సమయానికి పడిందని, 030 అని ఉంటే ముప్ఫై రోజులు ఆలస్యమైందని అర్థం. మూడేళ్ల కిందట రెండు గడుల్లో 030 కనిపించి మిగిలినవన్నీ సున్నాలైతే ఒక లెక్క, నిరుడు 060, 090 అంటూ పెరుగుతూ పోతే మరో లెక్క. మీ గడుల్లో ఎక్కడ దెబ్బ తగిలిందో, ఎందుకు తగిలిందో ఒక కాగితం మీద తేదీలతో రాసి పెట్టుకోండి. తరువాత ఇది అక్కరకు వస్తుంది.

నా సంగతి చెబుతాను. నా రుణాలన్నీ సక్రమంగానే ఉన్నాయనుకొని ఇంటి రుణానికి దరఖాస్తు పెట్టాను, తిరస్కరించారు. రిపోర్టు తీసి చూస్తే ఎప్పుడో ఒక సహోద్యోగి బండి రుణానికి నేను చేసిన హామీ సంతకం నా పేరు మీద ఖాతాగా నిలిచి ఉంది, అందులో వరుసగా నాలుగు నెలలు వాయిదాలు తప్పాయి. నేను రూపాయి తీసుకోలేదు, కానీ బాధ్యత నాదే. మొహమాటానికి చేసే హామీ సంతకం ఇలా మన ఇంటి దాకా వస్తుందని చదువరులు దయచేసి గుర్తుంచుకోవాలి.

తప్పులు కనిపిస్తే, అంటే తీర్చేసిన రుణం ఇంకా నడుస్తున్నట్టు చూపినా, మీది కాని ఖాతా మీ పాన్ మీదకు వచ్చినా, ఆయా సంస్థ వెబ్‌సైటులోనే వివాదం నమోదు చేయండి. అప్పు ఇచ్చినవారు ధ్రువీకరించకుండా ఆ సంస్థ దేన్నీ మార్చలేదు, కాబట్టి బ్యాంకుకు కూడా లిఖితపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. 30 రోజుల్లో పరిష్కరించకపోతే ఆపై ప్రతి రోజుకూ 100 రూపాయల పరిహారం మీకు రావాలి. 2024 ఏప్రిల్ నుంచి ఈ నిబంధన ఉంది. అప్పటికీ కదలిక లేకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. డబ్బు తీసుకొని రిపోర్టును శుభ్రం చేస్తామనేవారికి ఇంతకు మించిన అధికారమేమీ లేదు, వారికి పాన్, ఆధార్ ప్రతులు ఇవ్వకండి.

అన్నిటికంటే ఎక్కువ మందిని దెబ్బతీసేది ‘సెటిల్డ్’ అన్న ముద్ర. లక్షన్నర కార్డు బాకీని అరవై వేలకు మాట్లాడుకొని కట్టేసినవారు అప్పు తీరిందనే నమ్ముతారు. రిపోర్టులో మాత్రం మిగిలిన తొంభై వేలు అప్పిచ్చినవారు వదులుకున్నట్టు నమోదవుతుంది, ఇంటి రుణం ఇచ్చేవారికి ఆ మాటే అడ్డు. దీనికి మందు ఒకటే. ఆ బ్యాంకుకు వెళ్లి, మిగిలిన మొత్తం కడతానని రాసిచ్చి, కట్టి, బాకీ లేదన్న ధ్రువపత్రం తీసుకొని, ఖాతాను ‘క్లోజ్డ్’ అని మార్పించాలి. ‘రిటెన్ ఆఫ్’ ఖాతాకూ, అంటే వసూలు కాదని అప్పిచ్చినవారు లెక్కల్లోంచి కొట్టేసినదానికీ, ఇదే పద్ధతి. ఆ బాకీని ఆస్తుల పునర్నిర్మాణ సంస్థకు, అంటే మొండి బాకీలు కొని వసూలు చేసుకునే సంస్థకు, అమ్మేసి ఉంటే ఆ సంస్థతోనే మాట్లాడాలి. పాత ఆలస్యాల గడులు దీంతో చెరిగిపోవు, కానీ ముద్ర మారితే అధికారికి ఫైలు ముందుకు కదిపే వీలు దొరుకుతుంది. బాకీ మొత్తం పెద్దదైతే ఇంటి కోసం దాచిన సొమ్ములోంచి తీసి కట్టడానికి మనసొప్పదు, అయినా కట్టమనే నా సలహా.

ఆ తరువాత ఆరు నెలల నుంచి ఏడాది ఓపిక పట్టాలి. 2025 జనవరి నుంచి బ్యాంకులు కనీసం పదిహేను రోజులకొకసారి ఈ సంస్థలకు సమాచారం పంపుతున్నాయి గనుక మంచి నడవడిక మునుపటి కంటే త్వరగా కనిపిస్తుంది. కార్డు పరిమితిలో మూడో వంతు లోపే వాడండి. కార్డే లేకపోతే ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఇచ్చే కార్డు తీసుకొని ప్రతి నెలా పూర్తిగా కట్టండి. ఈ కాలంలో ఏ రుణ యాప్‌నూ ముట్టుకోవద్దు. ఒకే నెలలో అయిదారు చోట్ల దరఖాస్తు పెడితే ఆ విచారణలన్నీ రిపోర్టుకెక్కి, అప్పు కోసం అల్లాడుతున్న మనిషిలా కనిపిస్తారు.

భర్త స్కోరు పాడై, ఉద్యోగం చేస్తున్న భార్య స్కోరు బాగుంటే ఇద్దరూ కలిసి వెళ్లడం మేలని చాలామంది అనుకుంటారు. అది అన్నివేళలా నిజం కాదు. బ్యాంకు ఇద్దరి రిపోర్టులూ చూస్తుంది. ఆస్తిలో వాటాదారులైన ప్రతివారినీ సాధారణంగా రుణంలోనూ చేర్చమంటుంది. ఆమె జీతం ఒక్కటే చాలితే ఇల్లు, రుణం రెండూ ఆమె పేరు మీదే పెట్టుకోవడం మంచిది. ఇక ఆస్తి కాగితాలు గట్టిగా ఉండాలి. లింకు డాక్యుమెంట్లు (ఆస్తి ఇదివరకు చేతులు మారిన పత్రాలు), ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే పత్రం), హెచ్‌ఎండీఏ, డీటీసీపీ లేదా సీఆర్‌డీఏ వంటి ప్రణాళికా సంస్థ అనుమతి సక్రమంగా లేని స్థలానికి మంచి స్కోరు ఉన్నవారికి కూడా రుణం రాదు.

మొదట జీతం పడే బ్యాంకుకే వెళ్లండి, మీ రాబడి వారికి కళ్లముందు ఉంటుంది. ఇందాక రాసిపెట్టుకున్న కాగితాన్ని లేఖగా మార్చి, ఉద్యోగం పోయిన ఉత్తర్వో, ఆసుపత్రి బిల్లులో, ఏది కారణమైతే దాని రుజువు జతచేసి ఇవ్వండి. అక్కడ కుదరకపోతే హౌసింగ్ ఫైనాన్స్ సంస్థలు ఉన్నాయి. అవి తక్కువ స్కోరుకూ ఇస్తాయి, వడ్డీ మాత్రం ఎక్కువ. నూటికి రూపాయి వడ్డీ అంటే ఏడాదికి 12 శాతం కాబట్టి, ఆ లెక్కకు అలవాటుపడిన మనకు 11 శాతం చవకగానే తోస్తుంది. 25 లక్షల రుణానికి ఇరవై ఏళ్ల గడువులో 8.5 శాతానికి వాయిదా సుమారు 21,700 రూపాయలైతే, 11 శాతానికి సుమారు 25,800. చివరిదాకా కడితే తేడా 9 లక్షల 86 వేల దాకా ఉంటుంది.

చేతి సొమ్ము కూడా ఎక్కువే సిద్ధం చేసుకోవాలి. 30 లక్షల లోపు రుణానికి ఆస్తి విలువలో 90 శాతం, ఆపైన 75 లక్షల దాకా 80 శాతం వరకు ఇవ్వవచ్చని నిబంధన ఉన్నా, చరిత్ర బాగా లేనివారికి అంత ఇవ్వరు. 40 లక్షల ఇంటికి 28 లక్షలే మంజూరైతే 12 లక్షలు, వాటిపైన రిజిస్ట్రేషన్ ఖర్చులు మీవే. ఆ లోటును రెండు రూపాయల వడ్డీకి బయట తెచ్చి పూడ్చవద్దు. నాలుగు లక్షలకు నెలకు ఎనిమిది వేలు వడ్డీకే పోతే ఇంటి వాయిదా తప్పడం ఖాయం. దానికంటే చిన్న ఇల్లు చూసుకోవడం మేలు.

ఎక్కువ వడ్డీకి తీసుకోక తప్పకపోతే మారే వడ్డీ పద్ధతినే అడగండి. సొంత అవసరానికి వ్యక్తులు తీసుకున్న అలాంటి రుణాన్ని ముందుగా తీర్చినా, వేరే చోటికి మార్చినా అదనపు రుసుము వసూలు చేయరాదు. రెండేళ్లు వాయిదా తప్పకుండా కట్టాక, స్కోరు చూసుకొని, రెపో రేటుకు (రిజర్వు బ్యాంకు బ్యాంకులకిచ్చే అప్పు మీద వడ్డీకి) ముడిపెట్టిన రుణం ఇచ్చే బ్యాంకుకు దాన్ని మార్చమని దరఖాస్తు పెట్టండి. అప్పుడు కొత్త బ్యాంకు మొదట అడిగేవి పాత సంస్థ ఇచ్చే బాకీ వివరాల పత్రం, దాని దగ్గరున్న మీ అసలు కాగితాల జాబితా, పన్నెండు నెలల వాయిదాలు కనిపించే ఖాతా స్టేట్‌మెంటు.