శుక్రకణాల్లో ఆర్‌ఎన్‌ఏ కనిపిస్తే చాలదు: పాలీజోమ్ పరీక్ష ఎలా చేయాలి

మా ల్యాబ్‌కి కొత్తగా వచ్చినవాళ్లు ముందు క్యూపీసీఆర్ (ఆర్‌ఎన్‌ఏ ఎంత ఉందో కొలిచే పరీక్ష) గ్రాఫ్ తెచ్చి, "అక్కా, ఈ జీన్ ఆన్ అయింది" అంటారు. వృషణం విషయంలో అప్పుడే ఆ మాట అనకండి. ఎంఆర్‌ఎన్‌ఏ (ప్రోటీన్ తయారీకి జీన్ నుంచి వచ్చే నకలు) ఉన్నంత మాత్రాన ప్రోటీన్ తయారవుతోందని కాదు. ప్రోటీన్ తయారుచేసే రైబోజోమ్‌లు దాని మీద వరసగా ఎక్కాలి; ఆ గుత్తినే పాలీజోమ్ అంటాం.

చిట్టెలుకలో ప్రోటమిన్-1 (శుక్రకణంలో డీఎన్‌ఏను బిగించి కట్టే ప్రోటీన్) చూడండి. దాని ఎంఆర్‌ఎన్‌ఏ గుండ్రటి స్పెర్మాటిడ్ (శుక్రకణంగా మారబోయే కణం) దశలోనే తయారై, దాదాపు వారం రోజులు వాడకుండా నిల్వ ఉంటుంది. కేంద్రకం బిగుసుకుపోయాక కొత్త ఆర్‌ఎన్‌ఏ తయారవదు కాబట్టి కణం ముందే సిద్ధం చేసుకుంటుంది. వైబీఎక్స్2 లాంటి, ఆర్‌ఎన్‌ఏకు అతుక్కునే ప్రోటీన్లు ఆ ఎంఆర్‌ఎన్‌ఏను పట్టి ఉంచుతాయి. తొందరపడితే ఏమవుతుందో రాబర్ట్ బ్రాన్ బృందం 1995లో చూపించింది: ప్రోటమిన్ ముందే తయారయ్యేలా చేసిన ఎలుకల్లో డీఎన్‌ఏ వేళకాని వేళ బిగుసుకుపోయి, సంతానం కలగలేదు.

నైతిక కమిటీ అనుమతి వచ్చాకే పని మొదలుపెట్టండి. 22 రోజుల పిల్లల్లో గుండ్రటి స్పెర్మాటిడ్లు ఉంటాయి, పొడవాటివి (నిల్వ ఎంఆర్‌ఎన్‌ఏ నుంచి ప్రోటమిన్ తయారయ్యే తర్వాతి దశ) ఇంకా రావు. పెద్ద ఎలుకల్లో రెండూ ఉంటాయి. ఈ రెండు వయసులూ పక్కపక్కన పెట్టి చూడాలి.

వృషణం పైపొర చీల్చగానే నాళికలు ఉడికిన సేమ్యాలా బయటికి వస్తాయి. ఐస్ మీదే, సైక్లోహెక్సిమైడ్ (రైబోజోమ్‌లను ఉన్నచోటే ఆపేది), మెగ్నీషియం (అవి విడిపోకుండా ఉంచేది), ఆర్‌ఎన్‌ఏజ్ నిరోధకం (ఆర్‌ఎన్‌ఏ చెడిపోకుండా చూసేది) కలిపిన బఫర్‌లో నలపండి. కేంద్రకాలు తీసేసి, 10 నుంచి 50 శాతం సుక్రోజ్ గ్రేడియంట్ (పైన పలచగా, కింద చిక్కగా ఉండే చక్కెర ద్రావణం) మీద మెల్లగా పోసి అల్ట్రాసెంట్రిఫ్యూజ్‌లో తిప్పండి; బరువైనవి కిందికి దిగుతాయి. అది ఆగేటప్పుడు బ్రేక్ వేయకండి, పొరలు కలిసిపోతాయి. తర్వాత గొట్టంలోని ద్రవాన్ని పైనుంచి కిందికి భాగాలుగా తీసి, ఆర్‌ఎన్‌ఏ తీసేముందు ప్రతి భాగంలోనూ సమానంగా లూసిఫెరేజ్ ఆర్‌ఎన్‌ఏ (ఎలుకలో లేనిది, కొలతకు ఆనవాలు) కలపండి. లేకపోతే భాగాలను పోల్చలేం.

ఇక అసలు సంగతి ఈడీటీఏ (మెగ్నీషియంను పట్టేసి రైబోజోమ్‌లను విడగొట్టే రసాయనం) కంట్రోల్. చాలామంది దీన్ని వదిలేస్తారు, నాకు మాత్రం ఇది లేని ఫలితం మీద నమ్మకం కుదరదు. వృషణంలో ఆర్‌ఎన్‌ఏ-ప్రోటీన్ ముద్దలు కూడా బరువుగా ఉండి పాలీజోమ్‌ల దగ్గరికే దిగుతాయి. మెగ్నీషియం లేని గ్రేడియంట్‌లో, ఈడీటీఏ కలిపిన నమూనాను ఇంకోసారి తిప్పండి. ఎంఆర్‌ఎన్‌ఏ పైకి, తేలిక భాగాల్లోకి జరిగితే రైబోజోమ్‌ల మీద ఉన్నట్టు. కదలకపోతే ముద్దలో చిక్కుకున్నట్టు.

వీలైతే నార్తర్న్ బ్లాట్ (ఆర్‌ఎన్‌ఏ పొడవు చూపే పరీక్ష) కూడా చేయండి. నిల్వలో ఉన్న ప్రోటమిన్-1 ఎంఆర్‌ఎన్‌ఏ సుమారు 580 న్యూక్లియోటైడ్లు ఉంటుంది. పాలీజోమ్‌ల మీదికి వచ్చాక దాని చివరి పాలీ-ఏ తోక తరిగి 450 దాకా దిగుతుంది.

పట్టి ఉంచే ప్రోటీన్ ఏదో తేల్చాలంటే కణాలు బతికుండగానే విడదీసి 254 నానోమీటర్ల యూవీతో ఆర్‌ఎన్‌ఏకు, దాన్ని పట్టిన ప్రోటీన్‌కు బంధం వేయండి. నలిపాక వేస్తే, కణంలో ఎప్పుడూ కలవనివి కూడా అతుక్కుంటాయి. ఆ ప్రోటీన్ లేని ఎలుకల్లో ప్రోటమిన్ తగ్గితే, ముందు మైక్రోస్కోప్‌లో పొడవాటి స్పెర్మాటిడ్లు ఉన్నాయో లేదో చూడండి. కణాలే లేనప్పుడు అనువాదం (ఎంఆర్‌ఎన్‌ఏ నుంచి ప్రోటీన్ తయారీ) ఆగిందని రాయకూడదు.