సీడబ్ల్యూసీ (బాలల సంక్షేమ కమిటీ)కి ఇచ్చే రిపోర్ట్‌లో ఏ మాట రాయాలి, ఏది రాయకూడదు

"సదరు బాలుడు ప్లాట్‌ఫామ్ మీద అనుమానాస్పదంగా తిరుగుతుండగా పట్టుకుని విచారించగా ఇంటి నుండి పారిపోయినట్లు ఒప్పుకున్నాడు." ఒంటరిగా కనిపించిన పిల్లల్ని కమిటీ ముందు పెట్టేటప్పుడు ఇచ్చే రిపోర్ట్ ఉంటుందే, నేను రాసిన మొట్టమొదటి దాంట్లో లైన్ ఇది. పిల్లాడికి గట్టిగా పదేళ్లుండవు. కమిటీ మేడమ్ చదివి "వీడేమన్నా దొంగా బాబూ" అన్నారు, అంతే, తల ఎత్తలేకపోయా.

2015 జువైనల్ జస్టిస్ చట్టం సెక్షన్ 3లోనే ఉంది, పిల్లల విషయంలో నేరం మోపేలాంటి మాటలు వాడకూడదని. కాబట్టి పట్టుకున్నాం, కస్టడీ, ఒప్పుకున్నాడు, నిందితుడు ఇవన్నీ కొట్టేయండి. "కనిపించాడు", "చెప్పాడు", "కమిటీ ముందు హాజరుపరుస్తున్నాం" చాలు. నా లైన్‌నే ఇప్పుడైతే ఇలా రాస్తా: "సాయంత్రం 6.10కి 2వ నంబర్ ప్లాట్‌ఫామ్ మీద వెంట పెద్దవాళ్లెవరూ లేకుండా కనిపించాడు, పొద్దున్నుంచి ఏమీ తినలేదని చెప్పాడు."

టైమ్ ఎందుకంటే ప్రయాణానికి పట్టే టైమ్ తీసేసి 24 గంటల్లో హాజరుపరచాలి, ఆ లెక్క కనిపించేది మీ కాగితంలోనే. కమిటీ సిట్టింగ్ లేని రోజైతే ఒక్క మెంబర్ ముందు పెట్టినా సరిపోద్ది.

తర్వాత సెక్షన్ 2(14), సంరక్షణ అవసరమైన పిల్లలంటే ఎవరో చెప్పేది. ఊరికే "సంరక్షణ అవసరమైన బాలుడు" అని వదిలేస్తారు చాలామంది, అలాక్కాదు, అందులో ఏ క్లాజ్ కిందకి వస్తాడో కూడా రాయాలి. తప్పిపోయినా, ఇంట్లోంచి వచ్చేసినా, వెతికినా అమ్మానాన్న దొరక్కపోయినా (vii), చిన్నప్పుడే పెళ్లి చేసేసే ప్రమాదం ఉంటే (xii). వయసుకి కాగితం లేకపోతే "చూడటానికి 10 ఏళ్లలా ఉన్నాడు" అనండి, మీరే ఓ పుట్టినరోజు తయారుచెయ్యకండి, తర్వాత స్కూల్ సర్టిఫికెట్ దొరికి తేడా వస్తే పిల్లాడికే తలనొప్పి.

ఇక అసలు కష్టం చిల్డ్రన్స్ హోమ్‌లో ఉంచమని అడిగే పేరా. చట్టం ప్రకారం హోమ్ అనేది ఆఖరి మార్గం, అంటే ఇంటికి ఎందుకు పంపలేకపోతున్నామో ముందు చెప్పాలి. "ఇంటి వాతావరణం బాగాలేదు" అంటే ఏం అర్థమవుద్ది? "నాన్న తాగొచ్చి బెల్టుతో కొడతాడు, అమ్మమ్మ దగ్గరికైతే వెళ్తా" అన్నాడనుకోండి, వాడి మాటల్లోనే కొటేషన్‌లో పెట్టండి. ఆ అమ్మమ్మ మాట వదిలేశారో, దగ్గర బంధువుల దగ్గర ఉండే దారి ఉన్నా పిల్లాడు హోమ్‌లో నెలలు గడిపేస్తాడు. ఆమెకి ఫోన్ చేశారా, ఎత్తిందా లేదా అదీ రాయండి.

చివర్న "హోమ్‌లో చేర్చుకోవలసిందిగా" అని ఊరుకోకండి. "విచారణ పూర్తయ్యేవరకు తాత్కాలికంగా చిల్డ్రన్స్ హోమ్‌లో ఉంచుటకు ఉత్తర్వులు కోరుతున్నాము" అనండి. ఆ "తాత్కాలికంగా" చాలా ముఖ్యం, ఎందుకంటే సోషల్ ఇన్వెస్టిగేషన్‌కి (పిల్లాడి ఇల్లు, పరిస్థితుల గురించి చేసే విచారణ) 15 రోజులు, ఫైనల్ ఆర్డర్‌కి మొదటిసారి హాజరుపరిచిన రోజు నుంచి 4 నెలలు గడువుంది, ఎక్కడ ఉండాలో తేల్చేది కమిటీ, మనం కాదు. అబ్జర్వేషన్ హోమ్ అని పొరపాటున కూడా రాయొద్దు, అది నేరం చేశారన్న కేసుల్లో ఉన్న పిల్లలకి.

ఇంకోటి, ఆ రిపోర్ట్‌ని ఫొటో తీసి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టడం ఆపండి బాబూ, పేరు, ఊరు, స్కూల్ ఏదీ బయటికి పోకూడదని సెక్షన్ 74. మీ కాపీ మీద మాత్రం అందినట్టు సంతకం, టైమ్ వేయించుకునే బయటికి రండి.