న్యూరోస్ఫియర్స్ సరిగ్గా పెరగట్లేదా? మీడియాని తిట్టే ముందు బీఎఫ్‌జీఎఫ్ ట్యూబ్ చూడండి

మౌస్ ఈ14 (14వ రోజు పిండం) కార్టెక్స్ నుంచి న్యూరల్ స్టెమ్ సెల్స్ (మెదడు మూలకణాలు) తీసి స్ఫియర్స్‌గా, అంటే మీడియాలో తేలే గుండ్రటి ఉండలుగా పెంచేవాళ్ల కోసం రాస్తున్నా. డిసెక్షన్, స్టెరైల్ టెక్నిక్ వచ్చనే అనుకుంటున్నా. మన బేస్ మీడియా మామూలుదే, డీఎంఈఎం/ఎఫ్12, విటమిన్ ఏ లేని బీ27 సప్లిమెంట్, ఇంకా సెల్స్‌ని పెంచే గ్రోత్ ఫ్యాక్టర్ ప్రోటీన్లు రెండు, ఈజీఎఫ్ 20 నానోగ్రాములు, బీఎఫ్‌జీఎఫ్ 20 నానోగ్రాములు, రెండూ మి.లీ.కి లెక్క.

ప్లేట్ వేసిన మర్నాటికే సెల్స్ కిందకి అతుక్కుని పరుచుకుంటున్నాయి

నూటికి తొంభై సార్లు సీరమే. "నేను సీరమ్ వాడలేదండీ" అంటారు, మరి సెల్స్ విడదీయడానికి వేసిన ట్రిప్సిన్ ఎంజైమ్‌ని దేంతో ఆపారు అంటే అప్పుడు గుర్తొస్తుంది. ఆ కొంచెం సీరమ్ చాలు, స్టెమ్ సెల్స్ కాస్తా చదునుగా పరుచుకుని ఆస్ట్రోసైట్స్ అయిపోతాయి. ట్రిప్సిన్ మానేసి ఆక్యుటేజ్ వాడండి, 37 డిగ్రీల్లో 5-7 నిమిషాలు, తర్వాత మీడియాతో డైల్యూట్ చేసి మెల్లగా స్పిన్ చేస్తే అయిపోతుంది. ప్లేట్ కూడా ట్రీట్ చేయని (సెల్స్ తేలిగ్గా అతుక్కోని) రకమేనా అని కవర్ మీద ఒకసారి చదవండి, చదవరు కదా ఎవరూ.

స్ఫియర్స్ పెద్దగా ఉన్నాయి, నడి మధ్యలో నల్లగా ఉంది

పాసేజ్ చేయడం (స్ఫియర్స్‌ని విడగొట్టి కొత్త ప్లేట్‌లో వేయడం) ఆలస్యం చేశారు. 150 మైక్రాన్ల దగ్గరే విడగొట్టేయాలి, 200 దాటనిస్తే లోపలి సెల్స్‌కి ఆక్సిజన్, ఫుడ్ అందక చచ్చిపోతాయి. సోమవారం చేద్దాంలే అని శుక్రవారం వదిలేసి వెళ్లిన ప్లేట్లే ఇవన్నీ.

ఒక్కరోజులోనే ద్రాక్ష గుత్తుల్లా గుంపులు కట్టాయి

అది పెరుగుదల కాదు, విడివిడిగా ఉన్న స్ఫియర్స్ ఒకదానికొకటి అంటుకోవడం. రోజుకి నాలుగుసార్లు ప్లేట్ బయటికి తీసి స్కోప్ కింద చూసి మురిసిపోతుంటే అంటుకోక ఏం చేస్తాయి. మొదటి మూడు రోజులు ఊరికే తీసి చూడకండి.

మొదటి పాసేజ్ బాగుంది, రెండోది ఓ మాదిరి, మూడోదానికి స్ఫియర్స్ చిన్నవి, తక్కువ, కొన్ని అంచుల్లో అతుక్కుని పీచులు వదులుతున్నాయి

అసలు ఇది రాయడం మొదలెట్టిందే దీని కోసం. దీంతో నాకు రెండు నెలలు పోయాయి. బీ27 లాట్ మార్చా, నీళ్లు మార్చా, ఇంక్యుబేటర్ మార్చా, ఆఖరికి ఎలుకల్లోనే ఏదో తేడా ఉందని కొత్తగా డిసెక్షన్ కూడా చేశా. చూస్తే తప్పంతా 10 మైక్రోలీటర్ల చిన్న ట్యూబ్‌లో ఉంది, బీఎఫ్‌జీఎఫ్ ఎప్పుడో పోయింది.

ఇది వెంటనే ఎందుకు దొరకదంటే, ఈజీఎఫ్ గట్టిది, త్వరగా పాడవదు. 1992లో రేనాల్డ్స్, వైస్ అనే శాస్త్రవేత్తలు పూర్తిగా ఎదిగిన ఎలుక మెదడు సెల్స్‌ని స్ఫియర్స్‌గా పెంచి చూపించింది ఒక్క ఈజీఎఫ్‌తోనే కదా, అంటే బీఎఫ్‌జీఎఫ్ చచ్చినా ఈజీఎఫ్ ఒక్కటే కొంతకాలం బండి లాగేస్తుంది. కల్చర్ మొత్తం ఒక్కసారి చచ్చిపోతే ఆ రోజే తెలిసేది, ఇలా కుంటుకుంటూ నడుస్తుంటే మనం ప్రతి వారం ఇంకో దాని మీద అనుమానపడుతూ పోతాం.

బీఎఫ్‌జీఎఫ్ మాత్రం మహా సుకుమారం. 37 డిగ్రీల మీడియాలో ఒక్కరోజులోనే సగానికి పైగా పోతుంది. దానికి తోడు మనం చేసే పనులు మూడు. ఒకటి, వయల్‌ని ఉత్త నీళ్లలోనో పీబీఎస్‌లోనో (ఉప్పు బఫర్) కలపడం, బీఎస్ఏ అనే తోడు ప్రోటీన్ లేకపోతే ప్రోటీన్ ట్యూబ్ గోడలకే అతుక్కుంటుంది, మీరు పిపెట్‌లోకి లాగేది ఉత్త పీబీఎస్. రెండు, ఆలిక్వాట్లని (స్టాక్‌ని కొంచెం కొంచెంగా పంచి పెట్టుకున్న ట్యూబులు) ఫ్రాస్ట్-ఫ్రీ ఫ్రిజ్ పైఅరలో పెట్టడం, ఐస్ కట్టకుండా అది మధ్యమధ్యలో తనంతట తనే వేడెక్కుతుంది, ట్యూబ్‌లో ఉన్నదే పది మైక్రోలీటర్లు, ఎన్నిసార్లు కరిగి గడ్డకట్టిందో దేవుడికే తెలియాలి. మూడు, ఇదే నేను చేసింది, 500 మి.లీ. బాటిల్ మొత్తానికి గ్రోత్ ఫ్యాక్టర్ ఒకేసారి కలిపేసి, వాడిన ప్రతిసారీ ఆ బాటిల్‌ని అలాగే వాటర్ బాత్‌లో పెట్టడం. బాటిల్ సగం అయ్యేసరికి అందులో పేరుకే బీఎఫ్‌జీఎఫ్.

టెస్ట్ చాలా సులువు, కానీ ఎవరూ చేయరు. ఒకే సస్పెన్షన్‌లోంచి ఆరు వెల్స్‌కి సమానంగా సెల్స్ వేయండి, రెండిట్లో పాత ఆలిక్వాట్, రెండిట్లో కొత్త వయల్, రెండిట్లో ఈజీఎఫ్ మాత్రమే. ఐదు రోజులయ్యాక స్ఫియర్స్ లెక్కపెట్టొద్దు (గుంపులు కట్టి మోసం చేస్తాయి), విడగొట్టి సెల్స్ లెక్కపెట్టండి. పాత ఆలిక్వాట్ వెల్స్, ఈజీఎఫ్ ఒక్కటే ఉన్న వెల్స్ ఒకేలా వచ్చాయంటే మీ ట్యూబ్‌లో ఉన్నది నీళ్లే.

సరిచేయడం ఇలా. 0.1 శాతం బీఎస్ఏ కలిపిన పీబీఎస్‌లో మి.లీ.కి 10 మైక్రోగ్రాముల స్టాక్ చేసుకోండి, అప్పుడు మి.లీ. మీడియాకి 2 మైక్రోలీటర్లు వేస్తే 20 నానోగ్రాములు అవుతుంది, లెక్క తప్పదు. ఒక వారానికి సరిపోయేంత ఆలిక్వాట్లు చేసి మైనస్ 80లో పెట్టండి, కరిగించింది మళ్లీ గడ్డకట్టించొద్దు, 4 డిగ్రీల్లో ఉంచి వారంలో వాడేయండి. ట్యూబ్ మీద తేదీతో పాటు ఎవరు చేశారు, దేంట్లో కలిపారు అని కూడా రాయండి, మా దగ్గర సీనియర్ చేసి వెళ్లిపోయిన ట్యూబుల మీద "ఎఫ్" అని ఒక్క అక్షరమే ఉండేది. ఆ రోజుకి కావాల్సిన మీడియానే విడిగా తీసి వేడి చేసి అప్పుడు ఫ్యాక్టర్లు కలపండి. మి.లీ.కి 2 మైక్రోగ్రాముల హెపారిన్ వేస్తే బీఎఫ్‌జీఎఫ్‌ని కాస్త నిలబెడుతుంది. రెండు రోజులకోసారి మీడియా మార్చకుండా ఫ్యాక్టర్లు మాత్రం మళ్లీ వేయండి.

మిగతావి

కల్చర్లలో కంటికి కనపడకుండా చేరే మైకోప్లాస్మా బ్యాక్టీరియాకి నెలకోసారి పీసీఆర్ చేయించి వదిలేయండి. బీ27 లాట్ తేడా, సీఓ2 ప్రోబ్ తప్పు చూపించడం, ఇవి జరగవని కాదు, కానీ పై టెస్ట్ అయ్యాక ఆలోచించండి. విడగొట్టేటప్పుడు జిగురు తీగలు సాగుతుంటే అది పగిలిన సెల్స్ డీఎన్ఏ, దాన్ని కోసే ఎంజైమ్ డీఎన్ఏజ్ కొంచెం వేసి, పిపెట్‌ని అంత కసిగా కొట్టడం తగ్గించండి.