నిజనిర్ధారణకు వెళ్లే ముందు: నోరు విప్పినవాళ్లకు ముప్పు రాకుండా జాగ్రత్తలు

మిర్చి కోతలు మొదలయ్యాయంటే గుంటూరు, పల్నాడు పల్లెల్లోకి కర్నూలు పడమటి మండలాల నుంచి కూలీలు పిల్లాపాపలతో దిగుతారు. అడ్వాన్సు పేరుతో కట్టిపడేయడం, కూలి ఎగ్గొట్టడం, చెయ్యి చేసుకోవడం వంటివి బయటికి పొక్కితే నిజనిర్ధారణ బృందాలు బయల్దేరతాయి. వెళ్లాల్సిందే. కానీ మాట్లాడినవాళ్లకు అసలు ప్రమాదం మీరు ఊరు దాటిన సాయంత్రం నుంచే మొదలవుతుంది. అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో దళితులను చంపింది 1991 ఆగస్టు 6న, ప్రత్యేక కోర్టు తీర్పు వచ్చింది 2007లో. అన్నేళ్లు సాక్షిగా నిలబడటం ఎంత కష్టమో బయల్దేరే ముందే ఆలోచించండి.

కలిసే చోటు

ఒక్క ఇంట్లోనే గంటసేపు కూర్చుంటే ఎవరు చెప్పారో ఊరంతటికీ తెలిసిపోతుంది. పది పన్నెండు ఇళ్లు తిరగండి. విషయం తెలియనివాళ్ల ఇళ్లకూ వెళ్లండి, అన్నిచోట్లా ఇంచుమించు ఒకేసేపు ఉండండి. ముఖ్యమైన సాక్షిని ఊళ్లో పైపైనే పలకరించి వదిలేయండి. వివరంగా మాట్లాడేది వాళ్లు తమ పని మీద ఎలాగూ వచ్చే చోటే కావాలి: గుంటూరు పెద్దాసుపత్రి కావచ్చు, విజయవాడ బస్టాండు కావచ్చు. మిర్చి యార్డు దగ్గర మాత్రం వద్దే వద్దు. సీజన్లో ఆ ఊరి రైతులు, కమీషన్ ఏజెంట్ల మనుషులు, కూలీలను తెచ్చే మేస్త్రీలు అంతా అక్కడే తిరుగుతుంటారు.

సంఘం పేరు రాసిన కారులో దిగకండి. ఆర్టీసీ బస్సులో విడివిడిగా వెళ్లండి. కానిస్టేబులో, రెవెన్యూ మనిషో వెంట వస్తానని పట్టుబడితే ఆ రోజు వాంగ్మూలాలు తీసుకోకండి, ఊరు చూసి వచ్చేయండి. దారి చూపే మనిషి ఎవరి పొలంలో పనిచేస్తాడో ముందే కనుక్కోండి.

ఒప్పుకోలు మూడు రకాలు

"మాట్లాడతారా అమ్మా?" అంటే ఆమె తల ఊపడం సరిపోదు. రికార్డు చేయొచ్చా, పేరు వేయొచ్చా, పోలీసులకో మానవ హక్కుల కమిషన్‌కో ఇవ్వొచ్చా అన్నవి విడివిడిగా అడగాలి. ఒకదానికి సరే అన్నవాళ్లు మరోదానికి కాదనొచ్చు. నివేదిక అచ్చుకు వెళ్లేలోపు మాట వెనక్కి తీసుకోవచ్చని చెప్పి, ఆ తేదీ కూడా చెప్పండి. సంతకాలు, వేలిముద్రలు వద్దు. ఆ కాగితమే ఎవరి చేతికైనా చిక్కితే వాళ్ల కొంప మునుగుతుంది. "మీకేం కాదు, మేమున్నాం" అని మాత్రం చచ్చినా అనకండి. చేయగలిగిందే చెప్పండి.

నోటుబుక్కులో పేర్లకు బదులు గుర్తులు రాసుకోండి. ఏ గుర్తు ఎవరిదో చెప్పే చీటీ ఊరికి రాని మనిషి దగ్గర ఉండాలి. ఫోన్లో లొకేషన్, గూగుల్ ఫోటోస్ బ్యాకప్ ఆపేయండి, వాట్సాప్ గ్రూపులో ఏదీ పెట్టకండి. ముఖం మసక చేస్తే చాలనుకోవడం పెద్ద పొరపాటు. చేతి మీది పచ్చబొట్టు, గోడకున్న ఇంటి నంబరు, వాకిట్లో బండి నంబరు ప్లేటు, గొంతు, వీటిలో ఏ ఒక్కటి చాలు ఊరివాళ్లు పోల్చుకోవడానికి. నివేదికలోనూ అంతే. "ఆ వీధిలో మిషను కుట్టుకునే ఒంటరి మహిళ" అని రాస్తే, ఆ వీధిలో అలాంటామె ఒక్కతే ఉంటుంది.

కక్ష తీర్చుకునే తీరు

ముందుగా కొట్టరు. పనికి పిలవరు, కౌలు తీసేస్తారు, పాత బాకీ రేపే కట్టమంటారు. తర్వాత దొంగతనం అంటూ ఎదురు కేసు, తహసీల్దారు దగ్గర బైండోవర్ (గొడవల్లోకి పోనని పూచీకత్తు రాయించడం), పెద్దమనుషుల రాజీ ఒత్తిడి. ఆడవాళ్లయితే నడత మీద నిందలు వేస్తారు. అందుకే వెళ్లే ముందే కనీసం పది రోజుల కూలి డబ్బు, వేరే ఊళ్లో తల దాచుకునే ఇల్లు, ఆధార్, రేషన్ కార్డు, పాస్‌బుక్ నకళ్లు సిద్ధం చేయాలి. బెదిరింపు వచ్చిన ప్రతిసారీ తేదీ, సమయం, అన్న మాటలు అన్నట్టే రాసి ఉంచమనండి.

అబద్ధపు సాక్ష్యం చెప్పమని బెదిరిస్తే భారతీయ న్యాయ సంహిత 232వ సెక్షన్ కింద నేరం. స్టేషన్లో కేసు కట్టకపోతే ఫిర్యాదును గుంటూరులో ఎస్పీకి, విజయవాడలో పోలీసు కమిషనర్‌కు రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసయితే 15ఏ సెక్షన్ పట్టుకోండి: రక్షణ, ప్రయాణ ఖర్చులు, పోషణ, అవసరమైతే వేరేచోట నివాసం కూడా ప్రభుత్వం బాధ్యతే. దీనికి 14566కు, ఉచిత న్యాయ సాయానికి 15100కు ఫోన్ చేయండి.

2018 సాక్షుల రక్షణ పథకం కింద దరఖాస్తు జిల్లా జడ్జి అధ్యక్షతన ఉండే కమిటీకి చేరాలి. ముప్పు అంచనాను ఆ సబ్‌డివిజన్ పోలీసు అధికారి అయిదు పనిదినాల్లో ఇవ్వాలి. ఆలోగా తాత్కాలిక రక్షణ కూడా అడగండి. రక్షణ ఉత్తర్వు ఒక్కసారికి మూడు నెలలు మించదు కాబట్టి గడువు తేదీ గుర్తుపెట్టుకోవాలి. ఇది ప్రధానంగా తీవ్రమైన నేరాల కేసుల్లో సాక్షులకే. కేసే లేకుండా మీ బృందంతో మాట్లాడినవాళ్లకు ఈ గొడుగు ఉండదు. వాళ్ల కోసం జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు రాయండి. ఫీజు లేదు, తెలుగులో రాసినా చెల్లుతుంది, ఘటన జరిగిన ఏడాదిలోపు పంపాలి. ఐక్యరాజ్యసమితి ప్రతినిధులకు సమాచారం ఇచ్చినందుకు వేధిస్తే, బాధితులు ఒప్పుకుంటేనే జెనీవాలోని మానవ హక్కుల కార్యాలయానికి తెలపండి. ఇలాంటి వేధింపులపై సమితి ప్రధాన కార్యదర్శి ఏటా నివేదిక ఇస్తారు.

ప్రెస్‌మీట్ తేదీ సాక్షులకు ముందే చెప్పండి. వాళ్లను వేదిక మీద కూర్చోబెట్టకండి. మూడో రోజు, వారానికి, నెలకు, ఆపైన కేసు వాయిదా ఉన్న ప్రతిసారీ ఫోన్ చేయండి, కానీ ముందే అనుకున్న గుర్తు మాటతోనే. "మందులు అందాయా" అంటే "అందలేదు" అన్నారంటే మనిషి ఆపదలో ఉన్నట్టు. ఎవరైనా భయపడి "నేనేం చెప్పలేదు" అని అడ్డం తిరిగితే వెంటపడకండి. వాళ్ల వాంగ్మూలం తీసేయండి, ఫోన్ చేయడం మాత్రం మానకండి.